దీపం ఉండగానే... చైనా యుద్ధానికి దిగితే బలంతోనా, భయంతోనా?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో ఆగినప్పుడల్లా కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు విగ్రహం గుర్తొస్తుంది. వీలైతే అటు వెళ్లి ఓ నిమిషం నిలబడి వస్తాను. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణాలు కోల్పోయిన 20 మంది భారత సైనికుల్లో ఆయన ఒకరు. 16వ బిహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్. అప్పటికి ఆయన వయసు 37.

ఆ రాత్రి తుపాకులు పేలలేదు. రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు రాళ్లతో, ఇనుప రాడ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. పక్కనే వణికించే చల్లటి నీళ్లతో గల్వాన్ నది, చుట్టూ చీకటి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం ఆ రాత్రి కూడా అమల్లోనే ఉంది. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంత జరిగాక వ్యాపారం తగ్గి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. తగ్గలేదు, పెరిగింది. 2024-25లో రెండు దేశాల మధ్య వ్యాపారం 12,700 కోట్ల డాలర్లు దాటింది. అందులో మన లోటే దాదాపు 9,900 కోట్ల డాలర్లు.

చైనా శాంతి కోరుకుంటుందా, యుద్ధం కోరుకుంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గల్వాన్, ఆ వెంటనే ఈ వ్యాపారం అంకెలు గుర్తొస్తాయి. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు రెండు రకాలు. ఇంత వ్యాపారం పెట్టుకుని యుద్ధం ఎందుకు చేస్తుందనేది ఒక వాదన. ఎదిగే దేశాలన్నీ చివరికి యుద్ధానికే దిగుతాయి, చరిత్ర చూడండి అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ చైనా బలం ఎంతో కొలుస్తున్నారు తప్ప, తన చేతిలో ఎంత సమయం మిగిలి ఉందని చైనా అనుకుంటోందో చూడటం లేదు. నా ఉద్దేశంలో అసలు విషయం అదే.

పదహారుకి పన్నెండు

ఎదుగుతున్న దేశమూ, దాన్ని చూసి కంగారుపడే పాత పెద్ద దేశమూ ఎదురుపడితే యుద్ధం తప్పదనే వాదన చాలా పాతది. క్రీ.పూ. 431లో ఏథెన్స్, స్పార్టాల మధ్య మొదలై 27 ఏళ్లు నడిచిన యుద్ధం దానికి మొదటి ఉదాహరణ. హార్వర్డ్ యూనివర్సిటీలో ఈ కోణంలోనే గత 500 ఏళ్ల చరిత్ర తిరగేసి ఇలాంటి సందర్భాలు 16 ఏరారు. వాటిలో 12 యుద్ధంతోనే ముగిశాయని తేల్చారు. చైనా గురించి ఏ టీవీ చర్చ పెట్టినా ఈ లెక్క ఒక్కసారైనా వినిపిస్తుంది.

పదహారుకి పన్నెండు అంటే గుండె గుభేల్‌మంటుంది. కానీ ఆ లెక్కతో ఆగిపోకూడదు. ఒక్కో యుద్ధం ముందు రోజు నిర్ణయం తీసుకున్నవాళ్లు దేనికి భయపడ్డారో చూడాలి.

1914 నాటి జర్మనీనే తీసుకోండి. 1871లో ఒక్క దేశంగా ఏర్పడి, 1913కల్లా బ్రిటన్‌కి రెట్టింపుకు పైగా ఉక్కు తయారు చేస్తోంది. రసాయనాల్లో, విద్యుత్ పరికరాల్లో దానిదే పైచేయి. ఇంకో ఇరవై ఏళ్లు ఊరికే కూర్చున్నా ఐరోపా మొత్తం దాని చేతికి వచ్చేదేమో. అయినా బెర్లిన్‌లో సైన్యాధికారులకి నిద్ర పట్టలేదు. పక్కనున్న రష్యా సైన్యాన్ని పెంచుతోంది, సరిహద్దు దాకా రైలు మార్గాలు వేస్తోంది. 1917కల్లా ఆ పని పూర్తవుతుందని, ఆ తర్వాత రష్యాని ఆపలేమని వాళ్ల లెక్క. యుద్ధం ఎలాగూ తప్పదు కాబట్టి ఎంత తొందరగా వస్తే అంత మంచిదని సైన్యాధిపతి మోల్ట్కే 1912 డిసెంబర్‌లోనే చక్రవర్తి ముందు వాదించాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న తొందర అది.

1941లో జపాన్ పరిస్థితి ఇంకా స్పష్టం. దానికి కావాల్సిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. ఆ ఏడాది వేసవిలో అమెరికా దాన్ని ఆపేసింది. నిల్వలు రెండేళ్లకు కూడా సరిపోవు. అమెరికా పరిశ్రమల ముందు తాము నిలవలేమని జపాన్ నాయకులకు తెలియక కాదు. పెర్ల్ హార్బర్ దాడికి ప్లాన్ వేసిన అడ్మిరల్ యమమోటో అమెరికాలో ఉండి వచ్చినవాడే. ఆరు నెలలో ఏడాదో తమ జోరు సాగుతుందని, ఆ తర్వాతకి హామీ ఇవ్వలేనని ముందే చెప్పాడు. అయినా దిగారు. ఆగితే ఓటమి ఖాయం, దిగితే గెలిచే అవకాశం కాస్తయినా ఉంటుంది అనుకున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఒకటుంది. 1895లో వెనెజులా సరిహద్దు తగాదాలో అమెరికా జోక్యం చేసుకుని బ్రిటన్ మీద కాలు దువ్వింది. రెండు దేశాల్లోనూ పత్రికలు యుద్ధం గురించి రాశాయి. బ్రిటన్ తగ్గింది. మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1903లో అలాస్కా సరిహద్దు విషయంలోనూ అమెరికాకే అనుకూలంగా తీర్పు వచ్చింది. అమెరికాకి తొందరపడాల్సిన అవసరం కనిపించలేదు, ఏటికేడు తనదే పైచేయి అవుతోంది కదా. ఇటు బ్రిటన్ దక్షిణాఫ్రికాలో యుద్ధంతో సతమతమవుతూ, జర్మనీ నౌకాదళాన్ని చూసి బెంగపడుతూ ఉంది. ఇంకో శత్రువుని తెచ్చుకునే ఓపిక దానికి లేదు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఒక ముక్క వదిలేస్తారు. బ్రిటన్‌తో ఇంత సామరస్యంగా ఉన్న ఆ కాలంలోనే, 1898లో, అమెరికా స్పెయిన్ మీద యుద్ధం చేసింది. క్యూబాని తన గుప్పిట్లోకి తెచ్చుకుంది, ఫిలిప్పీన్స్‌ని 1946 దాకా ఏలింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఎదిగే దేశం పెద్ద దేశంతో శాంతిగా ఉన్నంత మాత్రాన అందరితోనూ అలాగే ఉంటుందని కాదు. చైనాకి ఇరుగుపొరుగున ఉన్న మనలాంటి దేశాలు దీన్ని అమెరికా కంటే ఎక్కువగా పట్టించుకోవాలి.

చైనా ఇప్పటిదాకా చేసింది ఏమిటి?

2003లో చైనా ప్రభుత్వానికి దగ్గరివాళ్లు 'శాంతియుత ఎదుగుదల' అనే మాటని ప్రచారంలోకి తెచ్చారు. ఏడాది తిరక్కుండానే నాయకులు దాన్ని పక్కన పెట్టి 'శాంతియుత అభివృద్ధి' అనడం మొదలుపెట్టారు. 'ఎదుగుదల' అన్న మాట వింటేనే పక్క దేశాలు బెదురుతాయని కొందరన్నారు. ముందే 'శాంతియుత' అని కట్టుబడిపోతే తైవాన్ విషయంలో చేతులు కట్టేసుకున్నట్టు అవుతుందని ఇంకొందరు. నినాదాల కంటే చేతలు చూడటం మేలు.

చేతలు రెండు రకాలుగా ఉన్నాయి. భూమ్మీద చైనాకి 14 దేశాలతో సరిహద్దు ఉంది. వాటిలో 12 దేశాలతో తగాదాలు తీర్చుకుంది. తజికిస్థాన్ విషయంలో దాదాపు 28,000 చదరపు కిలోమీటర్లు నాదని పట్టుబట్టి, చివరికి వెయ్యి చదరపు కిలోమీటర్లకి సర్దుకుంది. 1969లో ఉసూరి నది దగ్గర తనతో కాల్పులు జరిపిన రష్యాతో కూడా 2008 నాటికి చివరి దీవి దాకా పంపకం పూర్తి చేసింది. ఇక మిగిలింది భారత్, భూటాన్.

రెండో రకం యుద్ధాలు. 1950లో కొరియా, 1962లో మనతో, 1979లో వియత్నాంతో. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 1950లో అమెరికా సేనలు చైనా, కొరియా సరిహద్దులోని యాలూ నది వైపు దూసుకొస్తున్నాయి. 1962కి ముందు చైనాలో కరువు కోట్ల మందిని బలి తీసుకుంది. 1959లో టిబెట్‌లో తిరుగుబాటు లేచింది, దలైలామా మన దగ్గరికి వచ్చారు, ఆ తర్వాత మన సైన్యం ముందుకు జరిగి కొత్త పోస్టులు పెడుతోంది. 1978 నవంబర్‌లో వియత్నాం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది, మరుసటి ఏడాది ఫిబ్రవరి 17న చైనా సైన్యం వియత్నాంలోకి దిగింది. చుట్టూ ఉచ్చు బిగుస్తోంది, ఆలస్యం చేస్తే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది అని బీజింగ్ అనుకున్నప్పుడే మూడుసార్లూ దెబ్బ పడింది. 1962లో, 1979లో కొట్టి, గుణపాఠం చెప్పామని ప్రకటించి వెనక్కి వెళ్లింది.

ఇంట్లో గొడవ కప్పిపుచ్చుకోవడానికి బయట యుద్ధం చేస్తారని మనం తరచూ అనుకుంటాం. చైనా విషయంలో అది పూర్తిగా నిజం కాదు. కరువు, టిబెట్ తిరుగుబాటు నడుస్తున్న అవే రోజుల్లో బర్మాతో 1960లో, నేపాల్‌తో 1961లో, మంగోలియాతో 1962లో సరిహద్దు ఒప్పందాలు చేసుకుంది. కష్టాల్లో ఉన్నప్పుడు రాజీకి వచ్చేవాళ్లతో రాజీపడింది, తన బలహీనత చూసి ముందుకు జరుగుతున్నారని అనుమానించిన వాళ్లని కొట్టింది. మన కొత్త పోస్టుల్ని బీజింగ్ చదివిన తీరు సరైనదని నేననను. కానీ అది అలా చదివిందన్నది ముఖ్యం.

1979 తర్వాత చైనా పెద్ద యుద్ధం చేయలేదు. 1980ల్లో వియత్నాం సరిహద్దులో సాగిన పోరు, 1988లో దక్షిణ చైనా సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల దగ్గర 64 మంది వియత్నాం నావికులు చనిపోయిన ఘర్షణ తప్ప, పెద్ద ఎత్తున తుపాకీ పేల్చలేదు. ఈ నలభై ఐదేళ్లలో అమెరికా ఎన్ని దేశాల మీద బాంబులు వేసిందో లెక్కపెడితే ఈ మాట బరువు తెలుస్తుంది. చైనాకి ఈ మార్కులు ఇవ్వాల్సిందే.

పామూ చావకూడదు, కర్రా విరగకూడదు

తుపాకీ పేల్చకపోవడం వేరు, పోరాడకపోవడం వేరు. దీనికి కిన్మెన్ దీవిని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

కిన్మెన్ తైవాన్ పాలనలో ఉన్న చిన్న దీవి. చైనాలోని షియామెన్ నగరానికి పది కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. 1958 ఆగస్టు 23న చైనా దాని మీద ఫిరంగి గుండ్లు కురిపించడం మొదలుపెట్టింది. మొదటి 44 రోజుల్లోనే దాదాపు నాలుగు లక్షల డెబ్బై వేల గుండ్లు పడ్డాయి. ఆ తర్వాత ఒక విచిత్రమైన ఏర్పాటు వచ్చింది. బేసి తేదీల్లో కాలుస్తాం, సరి తేదీల్లో కాల్చం అని చైనా ప్రకటించింది. దీవిలో జనం సరి తేదీల్లో సామాన్లు తెచ్చుకునేవాళ్లు, బేసి తేదీల్లో కందకాల్లో దాక్కునేవాళ్లు. రానురాను గుండ్లలో మందు తగ్గి, ప్రచార కరపత్రాలు నింపి పేల్చడం మొదలైంది. అవతలి నుంచీ అలాగే జవాబు వచ్చేది. 1979 జనవరి 1న చైనా, అమెరికాల మధ్య దౌత్య సంబంధాలు మొదలైన రోజున ఈ కాల్పులు ఆగాయి. అంటే ఇరవై ఏళ్లకు పైనే. దీవిలోని కమ్మరులు ఆ గుండ్ల ఉక్కు ఏరి వంటింటి కత్తులు చేశారు. ఇప్పటికీ కిన్మెన్ కత్తులంటే తైవాన్‌లో పేరు. చైనా నుంచి వచ్చే టూరిస్టులు కూడా కొనుక్కెళ్లారు.

ఈ ఇరవై ఏళ్లని యుద్ధం అనాలా, శాంతి అనాలా? రెండింటికీ మధ్య చైనా ఒక దారి ఎప్పుడో వేసుకుంది, ఇప్పుడు ఆ దారిని వెడల్పు చేస్తోంది.

దక్షిణ చైనా సముద్రంలో సెకండ్ థామస్ అనే పగడపు దిబ్బ ఉంది. ఫిలిప్పీన్స్ 1999లో తన పాత యుద్ధనౌక సియెర్రా మాద్రెని కావాలనే దాని మీదకి ఎక్కించి నిలబెట్టింది. తుప్పు పట్టి చిల్లులు పడిన ఆ ఓడలోనే కొద్దిమంది నావికులు కాపలా ఉంటారు. వాళ్లకి తిండి, నీళ్లు తెచ్చే పడవల్ని చైనా తీరరక్షక దళం నీటి ఫిరంగులతో కొడుతూ వచ్చింది. 2024 జూన్ 17న చైనా వాళ్లు చిన్న పడవల్లో కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని చుట్టుముట్టారు. ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. అదే నావికుడు చనిపోయి ఉంటే అమెరికా, ఫిలిప్పీన్స్ రక్షణ ఒప్పందం కింద అమెరికా సైన్యం దిగాల్సి వచ్చేదా అన్న చర్చ వాషింగ్టన్ దాకా వెళ్లేది. బొటనవేలు తెగితే అంత దూరం వెళ్లదు. ఆ సముద్రంలో చైనా చెప్పే హక్కులకి చట్టబద్ధత లేదని 2016లోనే హేగ్ ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. చైనా ఆ తీర్పుని ఒప్పుకోలేదు.

గల్వాన్ కర్రలు, ఈ గొడ్డళ్లు ఒకే పద్ధతికి చెందినవి. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. అవతలివాడు వెనక్కి తగ్గాలి, కానీ ప్రపంచం యుద్ధమని పిలవకూడదు. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదమేమిటంటే, చీకట్లో కర్ర పట్టుకున్న సైనికుడికి ఎక్కడ ఆగాలో బీజింగ్ నుంచి ఎవరూ చెప్పలేరు. గల్వాన్‌లో జరిగిందీ దాదాపు అదే. అదే 2020 సెప్టెంబర్‌లో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గర గాల్లోకి కాల్పులు కూడా జరిగాయి, అదీ 45 ఏళ్ల తర్వాత.

తైవాన్ దగ్గర మాత్రం సమయం తిరిగే తీరు వేరు

చైనా నిజంగా పెద్ద యుద్ధానికి దిగితే అది తైవాన్ కోసమే అవుతుంది. 2.3 కోట్ల జనాభా ఉన్న దీవి. 1895లో జపాన్ చేతికి పోయింది, 1945లో తిరిగి వచ్చింది, 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చాంగ్ కై షేక్ ప్రభుత్వం అక్కడికి వెళ్లి స్థిరపడింది. అప్పటి నుంచి బీజింగ్ ఒక్కరోజు కూడా దాన్ని పాలించలేదు.

తైవాన్ కోసం వందేళ్లయినా ఆగగలమని 1973లో మావో అమెరికా ప్రతినిధి కిసింజర్‌తో అన్నాడు. 2013లో షీ జిన్‌పింగ్ ఈ సమస్యని తరతరాలకీ అప్పగించుకుంటూ పోలేమన్నాడు. రెండు మాటల మధ్య నలభై ఏళ్లు. ఈ నలభై ఏళ్లలో చైనా ఊహించలేనంత బలపడింది. బలపడినకొద్దీ ఓపిక పెరగాలి కదా, ఎందుకు తగ్గింది?

జవాబు తైవాన్ జనం మనసులో ఉంది. అక్కడి చెంగ్‌చీ యూనివర్సిటీ ఏటా ఒకే ప్రశ్న అడుగుతుంది: మీరు చైనీయులా, తైవానీయులా, రెండూనా? 1992లో తైవానీయులం మాత్రమే అన్నవాళ్లు వందకి 18 మంది లోపే. ఇప్పుడు 60 మందికి పైనే. చైనీయులం మాత్రమే అనేవాళ్లు రెండు మూడు శాతం. చైనాలో పుట్టి 1949లో వచ్చిన తరం వెళ్లిపోతోంది. సైన్యం లెక్కలో సమయం చైనా వైపు, మనుషుల లెక్కలో తైవాన్ వైపు నడుస్తోంది.

ఈ భయాన్ని చైనా చట్టంలోనే రాసుకుంది. 2005 మార్చిలో చేసిన విభజన నిరోధక చట్టం 8వ అధికరణలో, ఎప్పుడు శాంతియుతం కాని మార్గాలు వాడొచ్చో చెప్పారు. తైవాన్ విడిపోతే, లేదా విడిపోవడానికి దారితీసే పెద్ద ఘటన జరిగితే. మూడోది అన్నిటికంటే ముఖ్యం: శాంతియుతంగా కలిసే అవకాశాలు పూర్తిగా అయిపోతే. ఈ మూడో షరతు ఎప్పుడు నిజమైందో చెప్పేది ఎవరు? బీజింగే.

దీపం సన్నగిల్లుతోందని చైనా అనుకోవడానికి ఇంకా కారణాలున్నాయి. 2022లో దాని జనాభా తగ్గడం మొదలైంది, 1961 కరువు తర్వాత అదే మొదటిసారి. 1980 నుంచి 2015 దాకా నడిచిన ఒక్క బిడ్డ విధానం ప్రభావం ఇప్పుడు సైన్యంలో చేరే వయసు పిల్లల మీద కనిపిస్తోంది. ఒక్క కొడుకుని యుద్ధానికి పంపి పోగొట్టుకున్న తల్లిదండ్రులకి ఏ ప్రభుత్వమైనా ఏం సమాధానం చెప్పగలదు? 2021లో ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద ఇళ్ల నిర్మాణ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేసినప్పటి నుంచి ఇళ్ల వ్యాపారం కోలుకోలేదు, జనం దాచుకున్న సొమ్ములో ఎక్కువ భాగం ఆ ఇళ్లలోనే ఉంది.

ఇక రెండో వైపు. 2024లో చైనా వ్యాపార మిగులు దాదాపు లక్ష కోట్ల డాలర్లు. ఓడల సంఖ్యలో దాని నౌకాదళం ప్రపంచంలో అతి పెద్దది. 2012లో లియావోనింగ్, 2019లో షాన్‌డాంగ్, 2025లో ఫుజియాన్, మూడు విమానవాహక నౌకలు ఉన్నాయి. అణ్వస్త్రాలు ఐదేళ్లలో దాదాపు రెట్టింపై 600 దాటాయని అంచనా. ఇవన్నీ చూసే బీజింగ్ అధికారికి తొందరెందుకు, ఇంకో పదేళ్లు ఆగుదాం అనిపించడం సహజం. నిజానికి ఈ రోజు దాకా తైవాన్ దగ్గర శాంతి నిలవడానికి పెద్ద కారణం ఇదేనని నేను నమ్ముతాను. రేపు ఇవాళ్టి కంటే బాగుంటుందని చైనా అనుకుంటున్నంత కాలం ఆగుతుంది.

ఆగడానికి సముద్రం కూడా కారణమే. తైవాన్ జలసంధి అత్యంత ఇరుకైన చోట కూడా 130 కిలోమీటర్లు. గాలివానలు తక్కువగా ఉండి లక్షల మందిని దాటించగల నెలలు ఏడాదిలో కొన్నే. పడమటి తీరం బురద మేటలు, తూర్పు తీరం నిట్టనిలువు కొండలు. దిగడానికి వీలైన ఒడ్డు ఎక్కడెక్కడుందో తైవాన్ సైన్యానికి దశాబ్దాలుగా తెలుసు. దాడికి దిగే చైనా సైన్యంలో యుద్ధం చూసిన అధికారులు దాదాపు లేరు. రక్షణ మంత్రులుగా చేసిన ఇద్దరిని అవినీతి ఆరోపణలతో 2024లో పార్టీ నుంచి గెంటేశారు. క్షిపణి దళం నాయకత్వాన్ని మార్చేశారు. సొంత జనరల్స్‌ని నమ్మలేని నాయకుడు వాళ్ల చేతుల్లో ఇంత పెద్ద జూదం పెడతాడా అన్నది పెద్ద ప్రశ్న.

అందుకే దాడి కంటే దిగ్బంధానికే అవకాశం ఎక్కువని నాకనిపిస్తుంది. తైవాన్ తనకి కావాల్సిన ఇంధనంలో 97 శాతం దాకా బయటి నుంచే తెచ్చుకుంటుంది. సహజ వాయువు నిల్వలు పది పన్నెండు రోజులకు మించి ఉండవు. యుద్ధమని ప్రకటించకుండా, తీరరక్షక దళం ఓడల్ని పెట్టి, తనిఖీల పేరుతో గ్యాస్ ట్యాంకర్లని ఆపితే చాలు. ముందు తూటా పేల్చే నింద అమెరికా మీదకి పోతుంది. 2022 ఆగస్టులో అమెరికా నాయకురాలు నాన్సీ పెలోసీ తైపీ వచ్చి వెళ్లాక చైనా సైన్యం చేసిన విన్యాసాలు ఈ దిగ్బంధానికి రిహార్సల్ లాగే సాగాయి. అప్పటి నుంచి ఏటా అలాంటివి జరుగుతూనే ఉన్నాయి.

ఇవాళ వద్దు అనిపించాలి

దీపం ఆరిపోతుందన్న భయమే యుద్ధానికి దారితీస్తుందంటే, చైనాని ఆపడానికి ఒకేసారి రెండు పనులు చేయాలి. ఇవాళ దాడి చేస్తే చాలా నష్టపోతాం అని అనిపించేంత బలం ఎదురుగా ఉండాలి. రేపటి తలుపు పూర్తిగా మూసుకుపోలేదన్న నమ్మకమూ ఉండాలి. మొదటిది లేకపోతే ఆశ పుడుతుంది. రెండోది లేకపోతే తెగింపు పుడుతుంది, 1941లో టోక్యోలో పుట్టినట్టు. అమెరికా 1979 నుంచీ తైవాన్‌కి ఆయుధాలు అమ్ముతూ, స్వాతంత్ర్యానికి మాత్రం మద్దతు పలకకుండా, యుద్ధమొస్తే దిగుతామో లేదో తేల్చి చెప్పకుండా నెట్టుకొస్తోంది ఇందుకే. చూసేవాళ్లకి చిరాకు తెప్పించే విధానం. కానీ నలభై ఐదేళ్లుగా పనిచేస్తోంది. వాషింగ్టన్‌లో ఒక వర్గం తైవాన్‌ని స్వతంత్ర దేశంగా గుర్తించేయాలంటుంది, ఇంకో వర్గం మనకెందుకు వదిలేయాలంటుంది. రెండింటిలో ఏది జరిగినా ప్రమాదమే.

మనకైతే ఇది దూరపు గొడవ కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీలు వాడే ముడి పదార్థాల్లో ఎక్కువ భాగం చైనా నుంచే వస్తాయి. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంట్ పెట్టించడానికి కేంద్రం ప్రోత్సాహకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ మందు ముడిసరుకు కోసం మనం ఎంతగా చైనా మీద ఆధారపడ్డామో అర్థమవుతుంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో పనిచేసే ఫాక్స్‌కాన్ తైవాన్ కంపెనీ. ప్రపంచంలో అత్యాధునిక చిప్‌లలో 90 శాతం తయారయ్యేది తైవాన్‌లోనే. ఆ జలసంధి నెల రోజులు మూసుకుపోతే మందుల షాపులో, సెల్ ఫోన్ షాపులో కూడా తెలుస్తుంది.

లద్దాఖ్‌లో మాత్రం మనం ఒక పని సరిగ్గా చేశామని నా అభిప్రాయం. 2020 తర్వాత నాలుగేళ్లపాటు అరవై వేల దాకా సైన్యాన్ని ఆ మంచులో నిలబెట్టాం. రోడ్లు, సొరంగాలు, వంతెనలు వేశాం. మాట్లాడటం మాత్రం మానలేదు. కమాండర్లు ఇరవైసార్లకు పైగా కూర్చున్నారు. 2024 అక్టోబర్‌లో డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో మళ్లీ గస్తీకి ఒప్పందం కుదిరింది. ఖర్చు చాలా అయింది, ఇంకా అవుతోంది. గస్తీకి వెళ్లలేని చోట్లు కొన్ని మిగిలే ఉన్నాయి. 1962లో మన దగ్గర బలమూ లేదు, ఎదుటివాడితో మాట్లాడే తీరూ లేదు. ఈసారి రెండూ ఉన్నాయి.

ఇక రాబోయే రోజుల్లో కొన్ని తేదీలు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. 2027 ఆగస్టు 1కి చైనా సైన్యం పుట్టి వందేళ్లు. ఆ ఏడాదికల్లా తైవాన్ దాడికి సిద్ధంగా ఉండాలని షీ తన సైన్యానికి చెప్పాడని అప్పటి సీఐఏ డైరెక్టర్ బర్న్స్ 2023లో అన్నాడు. సిద్ధంగా ఉండమన్నాడు తప్ప దాడి చేయాలని నిర్ణయించలేదని కూడా ఆయనే అన్నాడు. అదే ఏడాది చివర్లో పార్టీ మహాసభ, షీకి నాలుగోసారి పగ్గాలు దక్కుతాయో లేదో అక్కడ తేలుతుంది. మరికొద్ది వారాలకి, 2028 జనవరిలో, తైవాన్ అధ్యక్ష ఎన్నిక. ఆ ఎన్నికలో చైనాతో మాట్లాడదామనే పార్టీ గెలిస్తే, శాంతియుత మార్గం ఇంకా మిగిలే ఉందని షీ తన సైన్యానికీ తన పార్టీకీ చెప్పుకోవచ్చు. గెలవకపోతే, 2005 చట్టంలో ఆ మూడో షరతు దగ్గరికి బీజింగ్‌లో చాలా మంది చూపు మళ్లుతుంది.